తలుపు మీది కాగితం

మెదక్‌లో రోజూ తెలంగాణ ధర్నాలు నడుస్తున్న కాలమది. ఫైర్ స్టేషన్ వాళ్ళు గల్లీలో మీటింగు పెట్టి, ఇంటికి నిప్పంటుకుంటే ఎవరేం చెయ్యాలో రాసి తలుపుకు అంటించుకోమని తలా ఓ కాగితం ఇచ్చిపోయారు. మంచం మీదున్న అత్త సౌభాగ్యమ్మ రాయించిన ఆ కాగితం పొద్దున్నే పెద్దకోడలు బాలలక్ష్మి కంటబడింది. ఇంకేముంది!

“గిదేంది అత్తమ్మా? గిదేంది అంటున్న!”

“ఏందే బాలా, ఎందుకట్ల ఒర్రుతున్నవ్?”

“‘గ్యాస్ బంద్ చేసేది కొడుకు రాజేందర్. మనవరాలు అంకితను ఎత్తుకపోయేది బాలలక్ష్మి. సౌభాగ్యమ్మను ఎత్తుకపోయేది చిన్నకోడలు సుమన.’ సుమననా?”

“జర మెల్లగ. సుమన మేడమీది అర్రల ఉంది, ఇంటది.”

“ఇననీ! నాకేం భయమా? పన్నెండేండ్లాయె నేనీ ఇంటికొచ్చి. నీ కాలు పడిపోయిన కాడికెల్లి నీళ్లు పోసేది నేను, తల దువ్వేది నేను, ఆటోల దవాఖానకు తీస్కపోయేది నేను. ఆమె టేక్మాల్ కెల్లి నిన్నగాక మొన్నొచ్చింది. ఒక్కనాడన్న నీ చీర పిండిందా?”

“లేదు.”

“మరి?”

“చాయ్ తాగినవా?”

“చాయ్ సంగతి తర్వాత! నేను ఆమె లెక్క తెల్లగ లేననా? డిగ్రీ సదువలేదనా? మీటింగుల లేచి ఇంగ్లీషుల మాట్లాడితే ఆ సారు చప్పట్లు కొట్టిండు గద, గందుకేనా?”

“గదేం లేదే.”

“పక్కింటి కమలమ్మ అప్పుడే సదివింది. ‘మీ అత్తకు చిన్నకోడలే దిక్కయిందా’ అని నవ్వింది. నా మొకం ఏడ పెట్టుకోవాలె?”

“కమలమ్మకు పనేం లేదు.”

“నాకు కుళ్లు అనుకుంటున్నవా? అవ్, కుళ్లే! కడుపు మండుతుంది. ఇగో పెన్ను. పేరు మార్పియ్యి.”

“మార్పియ్య.”

“మార్పియ్యవా? పోయిన ఎండకాలం మరిచినవా? కూలర్ వైరు కాలి ఇల్లంత పొగ నిండితే, నిన్ను వీపు మీదేసుకొని రోడ్డు దాంక ఉరికిందెవలు? సుమననా? అప్పుడామె తల్లిగారింట్ల ఉండె!”

“నువ్వే ఉరికినవ్. మరువలే బిడ్డా.”

“చెప్పులు సుత లేకుంట ఉరికిన!”

“అవ్.”

“గంత చేసినంక గూడ నా మీద నమ్మకం లేదా?”

“నమ్మకం ఉండబట్టే నీ పేరు రాయించలే.”

“గిదేం మాట? అడ్డదిడ్డం మాట్లాడకు.”

“నన్ను ఎదురింటి అరుగు మీద కూసోబెట్టినంక నువ్వేం చేసినవ్, యాదికున్నదా?”

“ఏం చేసిన? నీకు నీళ్లు తాపిన. మొకం తుడిసిన.”

“తుడిసినవ్. గంతల్నే కమలమ్మ పెనిమిటి భూమయ్య తడిబొంత కప్పుకొని మనింట్లకు పోయిండు...”

“అత్తమ్మా, వద్దు.”

“నీ బిడ్డ అంకితను ఎత్తుకొచ్చిండు. పొల్ల లోపటి అర్రల పండి ఉండె బాలా. నీకు యాదికే రాలే.”

“వద్దంటున్న గద!”

“ఏడ్వకు. పొల్ల కాడ నీ పేరు రాయించిన, సూసినవా? నా కాడ గూడ నీ పేరే ఉంటే, నువ్వు మళ్ల ముందుగాల నా కాడికే ఉరికొస్తవ్.”