పూజలో ఉన్నాడన్న మాట

లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా పనిచేసే భర్త బిలాస్‌పూర్ కోర్టు హాల్లోంచి బయటికి రాగానే, వరండాలో కూర్చున్న భార్య లేచి ఎదురెళ్ళింది.

"జడ్జి ఏటన్నాడు మావా?"

"అబద్ధపు సాక్ష్యం చెప్పినానని నా మీద కేసు పెట్టమన్నాడు. యాక్సిడెంటైన సాయంత్రం కార్పొరేటర్ మన కాలనీ పూజలో ఉన్నాడని చెప్పినాను గదా. తఖత్‌పూర్ రోడ్డు కెమెరాలో అతగాడే కారు నడుపుతా కనిపించినాడు."

"అలగ చెప్పమన్నది ఆయనే గదా!"

"నేనెప్పుడు అడిగాను అంటన్నాడు. రుజువేటుంది? మీ తమ్ముడికి పని ఇప్పించినాడని కాదనలేకపోనాను."

"ఆయనకేటయింది?"

"ఏడాది శిక్ష. అప్పుడే బెయిలొచ్చింది. మళ్ళీ ఎలక్షన్లో నిలబడతాడట. నాకు శిక్ష పడితే మాత్రం ఉద్యోగం పోతాది."

"ఇప్పుడైనా నిజం చెప్పీ."

"నిజం చెప్తే, ముందు చెప్పింది అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు."



"చనిపోయిన పిల్ల తల్లి లోపల నీతో ఏదో అంటంటే కిటికీలోంచి చూసినాను. ఏటంది?"

"మా పిల్లని గుద్దింది అతగాడేనని నీకు ముందే తెలుసా, అని అడిగింది."

"నువ్వేటన్నావు?"

"నోరు విప్పొద్దని వకీల్ అన్నాడు. తల దించుకుని వొచ్చీసినాను."

"పోనీ, నాకు చెప్పు. తెలుసా?"

"ఎండగా ఉంది. ఆటో పిలుస్తాను, పద."