మస్తాన్ వలీ గారి ఫోను నంబరు

2004 ఏప్రిల్ పదిహేడవ తేదీన రాయచోటి వాస్తవ్యులు శ్రీ మస్తాన్ వలీ గారు సౌదీలో హఫర్ అల్ బాతిన్‌లోని మా వైద్య పరికరాల మరమ్మతు కేంద్రంలో టెక్నీషియన్‌గా ప్రవేశించారు. ఆసుపత్రులు పాతబడ్డాయని పారవేసిన యంత్రాలకు తిరిగి ప్రాణం పోయడమే ఇరవై రెండేళ్లుగా వారి వృత్తి, వారి ధ్యాస.

2017లో, యుద్ధంలో కూలిన యెమెన్ ఆసుపత్రులను మళ్లీ నిలబెట్టే కార్యక్రమానికి మా యంత్రాలు వెళ్లసాగాయి. ఫోటోల్లో మంచాల పక్కన నిలబడిన పెద్దలు వేరు, స్క్రూలు బిగించిన చేతులు వేరు. తొలి విడతలో, నెలలు నిండని బిడ్డలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు ఒకటి వెళ్లింది. ఇక్కడ అది నూట పది వోల్టుల మీద నడిచింది. అక్కడి కరెంటు రెండు వందల ఇరవై. ప్లగ్గు పట్టదేమోనని వలీ గారే శ్రద్ధగా ఒక అడాప్టరు జతచేసి పంపారు. అది పిన్నును మారుస్తుంది గాని వోల్టులను తగ్గించదు. ప్లగ్గు పట్టింది, పెట్టె కాలింది. అందులోని బిడ్డ దక్కలేదు.

ఈ మాట వారి విరమణ సావనీరులో రాయవచ్చునా అని వారినే అడిగితే, "రాయప్పా. అదొక్కటి రాయకుంటే తక్కినదంతా అబద్ధమే" అన్నారు.

నాటి నుండి పాత ప్లగ్గు కత్తిరించి, ట్రాన్స్‌ఫార్మరు బిగించి, ఎర్ర రంగుతో 220 అని రాసి, కింద తమ సొంత ఫోను నంబరు అంటించకుండా ఏ యంత్రాన్నీ వారు గడప దాటనివ్వలేదు. అక్కడి నర్సులు ఆ నంబరుకు చేస్తూనే ఉన్నారు, కట్టిన గోడలు మళ్లీ కూలిన రోజుల్లో కూడా. అన్నం ముందు నుంచి లేచి మరీ, ఏ తీగ ఎక్కడ కలపాలో వలీ గారు తమకు వచ్చిన అరబ్బీలో చెప్పేవారు.

విరమణ వేళ ఆ నంబరుకే ముప్పు వచ్చింది. ఇక్కడి నివాస అనుమతి, ఇకామా, రద్దయితే దాని మీద తీసుకున్న సిమ్మూ పోతుంది. సన్మానం శాలువాకు ఒక్క పూటలో అనుమతి ఇచ్చిన ఆఫీసు, సిమ్మును తన పేరున తీసుకోవడానికి మాత్రం రూల్సు లేవంది.

"హాట్‌లైన్ ఉంది గద మస్తాన్ భాయ్, ఈమెయిల్ చేస్తరు వాళ్లు" అన్నారు ఆఫీసులోని హైదరాబాదు కాషిఫ్ గారు.

"కాన్పు మధ్యలో ఈమెయిల్ ఎవురు కొడతారు సామీ?"

నంబరు సంగతి తేలేదాకా, దేశం విడిచి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ కాగితం మీద వలీ గారు సంతకం పెట్టలేదు. చివరకు, ఆరో తరగతితో బడి మానేసిన లారీ డ్రైవరు అబ్దుల్ ఘనీని, అంటే ఈ వ్యాసం రాస్తున్నవాణ్ణి, మొబైల్ షాపుకు తీసుకుపోయి వేలిముద్ర వేయించి, సిమ్మును నా పేరుకు మార్పించారు.

"ఏ తీగ యాడికి పోతాదో నాకేం తెల్సన్నా?"

"తెలీకపోవడమే మంచిది అబ్బీ. తెల్సనుకొనే గదా నేను అడాప్టరు పెట్టింది. వాళ్లు చెప్పింది నాకు చెప్పు, నేను చెప్పింది వాళ్లకు చెప్పు. సొంతంగా ఒక్క మాట చెప్పబాక."

మొన్న సోమవారం ఆ నంబరు మోగింది. వలీ గారు పక్కనే ఉన్నారు గనుక జవాబు దొరికింది. వచ్చే నెల నుండి ఆ పిలుపు రాయచోటికి పోవాలి.

కనుక మస్తాన్ వలీ గారు చూపు తగ్గక, వినికిడి మందగించక, సతీమణి తాజున్నీసా గారితో కలిసి నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండాలని అల్లాను వేడుకుంటున్నాము. అక్కడ నూట నలభై యంత్రాల మీద ఆ నంబరే ఉంది. ఇక్కడ దాన్ని ఎత్తేవాడికి ఏమీ తెలియదు.

– అబ్దుల్ ఘనీ, డ్రైవరు