ఛాతీలోతు నీళ్ళు

పోయిన మంగళవారం పొద్దున సరిగ్గా ఆరూ ఇరవైకి నా తువ్వాలు చక్రాల కుర్చీ వీపుకి తగిలించాను. రాసుకోండి సూపర్‌వైజర్ గారూ! కాగితం పైన ముందే ‘థెరపిస్టు నిర్లక్ష్యం’ అని రాసేసుకుంటే, ఇంక నన్నెందుకు పిలిపించినట్టు? కుర్చీతోనే వచ్చాను కాబట్టి, నిలబెట్టి మాట్లాడారని కూడా అనలేను.

నవ్వండి, పర్లేదు.

నేను గోడలకి రంగులేసే మనిషిని సార్. పరంజా మీంచి పడి వెన్ను దెబ్బతింది. నడుం దగ్గర్నుంచి కిందకి ఎవరు ముట్టుకున్నా తెలీదు. కాళ్ళు కాస్త కదులుతాయి, అదీ వాటికి బుద్ధి పుడితే. పొద్దున లేచేసరికి కర్రల్లా బిగుసుకుపోతాయి. మీ గోరువెచ్చటి కొలనులో పావుగంట ఉంటే చాలు, వదులవుతాయి. ఛాతీదాకా దిగితే కాళ్ళ మీద పడే బరువు మూడోవంతు కూడా ఉండదు. నాలుగు నెలలైంది. ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి నేనే మారుతున్నాను. మా ఆయన పక్కన నించుని చూస్తాడు, అంతే. అదీ రాసుకోండి.

థెరపీ చెల్లెమ్మ తప్పేముంది? తేలే బెల్టు నడుముకి కట్టింది. “అక్కా, రెండు చేతులా కమ్మీ పట్టుకో” అని చెప్పి, మెట్ల దగ్గరున్న, నీళ్ళలో ఆసరాకి పట్టుకునే ఫోమ్ కర్ర తేవడానికి వెళ్ళింది. బెల్టు విప్పింది నేను.

ఆ, నేనే! ఎందుకంటారేం? తాడు కట్టుకుని ఎనిమిదో అంతస్తు నుంచి వేలాడినదాన్ని, ఛాతీలోతు నీళ్ళకి కూడా కట్టించుకోవాలా?

తర్వాత కమ్మీ కూడా వదిలేశాను. అప్పటికి తను వచ్చేసి, వెనకనుంచి నడుం పట్టుకుందనే అనుకున్నాను. పట్టుకుంటే మాత్రం నాకు తెలుస్తుందా ఏం? ఆ ధైర్యంతోనే నించున్నాను. ఆనక తూలాను, ముక్కులోకి నీళ్ళు పోయాయి, తను ఒక్క ఉదుటున వచ్చి లాగింది. దగ్గాను. ఇంతే కదా! దీనికి ఆ అమ్మాయి ఉద్యోగం తీసేసి, మా పొద్దుటి గంట ఎత్తేస్తారా? ఆరుగురం వస్తున్నాం సార్ ఆ గంటకి.

ఎత్తేయండి చూద్దాం. మీ గుమ్మంలోనే కూర్చుంటాను. కూర్చోవడం నాకేం కొత్త కాదు.

ఏంటది, కెమెరా వీడియోనా? అక్కర్లేదు లెండి, నిన్న మీ లైఫ్‌గార్డు చూపించింది. నేను కమ్మీ వదిలాక తొమ్మిది సెకన్లు నించున్నాను. ఆ తొమ్మిదీ చెల్లెమ్మ మెట్ల దగ్గరే ఉంది, వీపు నావైపు పెట్టి. నా నడుం మీద ఎవరి చెయ్యీ లేదు.