గంగల కలిపిన పటం

కోరుట్ల బస్టాండు ఎనుక సందుల ఫ్లెక్సీలు కొట్టె దుకాణం. కంప్యూటర్ ముందల సాయికిరణ్. స్టూలు మీద రాములవ్వ, ఒకప్పుడు పెనిమిటి ఐలయ్య ఎంట ఊరూరు తిరిగి బొమ్మలు గీసిన గుడ్డ పటం ఇప్పి కథ చెప్పినామె, ఇప్పుడు బీడీలు చుట్టుకుంట బతుకుతున్నది. మాటలు మొదలై చానసేపే అయ్యింది.

"తీసెయ్యి అంటున్న. అంతకన్న ఏమడుగుతలేను."

"ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా? అది పుస్తకం. ఫోన్ల ఉంటది. ఎవరికి కావాలంటె వాళ్లు దించుకుంటరు."

"పక్కింటి దీప చూపెట్టింది. మా పటంల బొమ్మలే అండ్ల. తాటిచెట్టు కింద రాజు, పక్కపొంటి పులి. ఆ పులి కన్ను మా మామ దిద్దింది."

"గా పులే అందరికి నచ్చింది."

"ఏం జేస్తరు దాంతోని?"

"ఆట ఆడుతరు. నలుగురు కూసుంటరు. ఒకడు కథ చెప్తడు, మిగిలినోళ్లు నేను గిట్ల జేస్త, నేను గట్ల జేస్త అంటరు. పాచికలు ఏస్తె ఎవని మాట నెగ్గిందో తెలుస్తది."

"ఒకడు చెప్పుడు, నలుగురు ఊ కొట్టుడు. మేం చేసిందదే."

"అసలు ఆట విదేశపోళ్లది. దానికి మన దిక్కు కథొకటి జోడించి బుక్కు చేసిన. ఫ్రీ. ఒక్క రూపాయి తీసుకోలే."

"ఫ్రీ అయితె అడిగేది లేదా?"

"అమ్ముకుంటె దొంగతనం. పంచితె ఏంది?"

"కథ చెప్పనీకి పెగడపల్లి పొంటి ఊర్లు మాయి, వీర్నపల్లి పొంటియి మా మరిదోళ్లయి. వాళ్ల ఊర్లె మేము పటం ఇప్పితె, గింజ అడగకున్నా పంచాయితి అయ్యేది."

"ఇప్పుడు ఆ ఊర్లల్ల ఇననీకి ఎవడున్నడు? సగం మంది మస్కట్, దుబాయ్. మిగిలినోళ్లు సిరిసిల్లల బట్ట నేసె సాంచెల కాడ."

"అందుకే గద నా మనుమడు గూడ పాయె."

"బాలరాజు మంచిగున్నడా?"

"ఏం మంచిగ? మస్కట్ల ఎత్తు మీద పని. మొన్న కాలు జారి నడుముకు తాకిందట. దీప నాకు ఫోన్ చూపెట్టిన దినమే జారింది."

"దానికి, దీనికి ఏం సంబంధం?"

"పటం ముసలిదైతె చచ్చిన మనిషి లెక్క, కొడుకా. ధర్మపురికి తీస్కపోయి, పిండం పెట్టి గోదారి గంగల కలుపుతం. మా పటానికి బాలరాజే గుండు గీయించుకున్నడు. కర్మ చేసిన పటం మళ్ల నలుగురి కండ్ల పడితె, చేసినోడు దక్కడు. మా ఇంట్ల ఎప్పటిసందో ఉన్న మాట."

"బొమ్మ చూస్తె మనిషి చస్తడా? గట్లయితె గీ ఫ్లెక్సీలు కొట్టుకుంట నేను కోరుట్లంత చంపి ఉండాలె."

"నవ్వకు. నాకు ఉన్నది వాడొక్కడే."

"నవ్వుతలేను. ఆ బుక్కుతోనే నాకు జెర పేరచ్చింది అవ్వా. ఎక్కడెక్కడోళ్లో మెచ్చుకుంటున్నరు. నువ్వొచ్చి పులిని తీసెయ్యంటె ఇంకేం మిగులుతది అండ్ల?"

"నీ బాంచెన్. నీ కాళ్లు మొక్కుత."

"ఇడువు, ఇడువు. గిరాకి చూస్తె బాగుండది. నేనేం దొంగతనం చెయ్యలే, పర్మిషన్ తీసుకున్న."

"ఎవరిచ్చిండ్రు?"

"ఓనరు."

"దానికి ఓనరెవరు? ముసలోడు పాయె, పటం పాయె."

"చాయ్ తాగుతవా?"

"ఓనరెవరు?"

"హైదరాబాద్ల ఒకాయన ఉన్నడు, పాతయి జమ చేస్తడు. ఆయన గోడకున్నది. అడిగితె, వాడుకో, కింద నా పేరెయ్యి అన్నడు. ఏసిన."

"ఆయన పేరు ఏసినవు."

"ఆ."

"కన్ను దిద్దిన మా మామ పేరు?"

"అది నాకెట్ల ఎరుక?"

"గంగల కలిపింది గోడకెట్లుంటది?"

"ఫొటో అయ్యుంటది. పాత ఫొటో."

"ఇప్పుడే గోడకు పటం ఉన్నదంటివి."

"ఉన్నదంటె, అదే, ఫొటో గిట్ల..."

"నా మొఖం చూసి చెప్పు."

"నువ్వు భయపడుతున్నవని చెప్తున్న, సరేనా? బాలరాజుకు ఏం కాదు. ఎందుకంటె మీ పటం గంగల కలవనే లే. ఇగ ఇంటికి పో."

"నేను నెత్తిన పెట్టుకుని మోసిన."

"మోసినవు."

"ఏం మోసిన?"

"ఫ్లెక్సీ. పాతది. ఎవని పుట్టినరోజుదో. మీ పటానికి కప్పె గుడ్డల నేనే చుట్టిచ్చిన."

"పుట్టినరోజుది."

"అసలుది గీ బండల మీదనే పరిచి ఫొటోలు తీసినం. ఆయనకు పంపితె మర్నాడే కారుల అచ్చిండు. బాలరాజుకు వీసా పైసలు అక్కెర ఉండె. అమ్ముదామంటె తాత ఒప్పుకోడు. ఎలుకలు కొట్టినయి, రంగు రాలింది, ఇగ గంగల కలుపుదామని తాతకు చెప్పి, గిట్ల..."

"అందుకే మునగలే."

"ఏంది?"

"ఒడ్డు పొంటి తేలుకుంటనే పోయింది. మా అత్త ఉన్నప్పుడు కలిపింది రాయి లెక్క మునిగింది. గిది మునగలే. ముసలోడు నీళ్లల్ల నిలవడి, మనల ఇడిసి పోబుద్ధి అయితలేదే దానికి, మన మీద ఎంత పావురమో సూడు, అన్నడు. ఇంటికచ్చి గోడ దిక్కు మల్లి పండుకున్నడు."

"తాత సంగతి ఇన్న."

"జగిత్యాల డాక్టరు రోగం లేదన్నడు. నోట్ల అన్నం పెడితె పక్కకు ఉమ్మెటోడు. బాలరాజుకు ఎరుకేనా, తాత తింటలేడని?"

"ఎరుకే. నేను అన్న గూడ. చెప్పెయ్యిరా, ముసలోడు లేసి కూసుంటడు, తిడితె తిట్టనియ్యి అని. విమానమెక్కినంక చెప్త అన్నడు."

"ఎక్కినంక?"

"చెప్పిండనుకున్న."

"నువ్వన్న చెప్పకపోతివా? మా ఇల్లు గిక్కడికి ఎంత దూరం?"

"మీ ఇంటి మాట. నడుమ నేనెవన్ని?"

"ఫ్లెక్సీ చుట్టిచ్చినోనివి."

"అవ్వా..."

"ముసలోని పీనుగను ఫోన్ల చూసుకుంట ఏడిసిండు వాడు. తాతా, పటం ఎంబడే పోతివా, అని ఏడిసిండు. నేనే ఓదార్చిన. ఊకో కొడుకా, నీ తప్పేమున్నది, కర్మ మంచిగ చేసినవు అన్న."

"సరే. తీసేస్తున్న. ఇగో, గిక్కడ ఒత్తితె పోతది. నీ ముందటనే ఒత్తుత."

"గుండు గీయించుకున్నడు. నీళ్లల్ల మునిగి పిండం పెట్టిండు. పటం వట్టిదైనా, చేసినోడు వాడే, కర్మ అయితె అయ్యింది గద?"

"ఆ, అదైతె అయ్యింది. చూడు, ఒత్తుతున్న."

"ఆగు."

"మళ్ల ఏంది?"

"ఒత్తకు."

"ఇప్పటిదాక కాళ్లు మొక్కితివి గద, తీసెయ్యమని."

"పులి కన్ను చిన్నగ కనవడుతున్నది, పెద్దగ చెయ్యి. ఎందరికి పంపుతవో పంపు. ఫ్రీయే గద."