నల్లోడు పడుకునే చోటు

దర్జీ కొట్టు, దాని వెనకే కాపురం. సాయంకాలం. అతను మిషను ముందు, ఆమె గుమ్మంలో గుండీలు కుడుతూ. వాళ్ల పిల్లి దొరసాని ఒకచోట నిలవకుండా తిరుగుతోంది.

“మళ్లీ మిషను కిందికి దూరింది. తొక్కుతుంటే కాలు నలుగుతుందే. లాగు దాన్ని.”

“లాగినా అక్కడికే పోతుంది. నల్లోడు పడుకునే చోటు కదా.”

“పారిపోయిన కుక్క కోసం ఎన్నాళ్లు ఏడుస్తుంది?”

“ఎందుకయ్యా అలా కసురుతావు? దొరసాని పాలు కూడా ముట్టలేదు. కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ వాడి పొట్టమీదే నిద్ర.”

“కుక్కకీ పిల్లికీ చుట్టరికం. లోకంలో లేని వింత.”

“చుట్టరికం సంగతి పక్కనపెట్టు. పారిపోయే కుక్క మెడపట్టా విప్పుకుని, మడిచి, మేకుకి తగిలించి పోతుందా?”

“దారం తెగింది. ఆ ఉండ ఇటివ్వు.”

“దారం తెగలేదు. నీ కాలు ఆగింది. ఎక్కడ వదిలావు?”

“వదిలేసేవాణ్ణా నేను? ఇటుకబట్టీ కాపలాదారుకి ఇచ్చాను. ఈ కొట్టు అద్దెకిచ్చిన ఇంటాయన మెట్లమీద నిలబెట్టి అడిగేశాడు, కుక్క ఉంటుందా, నువ్వుంటావా అని. వాళ్ల మనవరాలి వెంటపడి మొరిగిందట. కొట్టు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను?”

“నాతో ఒక్కమాట అనొచ్చుగా.”

“అంటే ఇవ్వనిచ్చేదానివా?”

“ఇవ్వనిచ్చేదాన్ని కాదు.”

“మరి.”

“మరీ లేదు, గిరీ లేదు. విను దాని అరుపు.”

“వింటూనే ఉన్నాను. చెవిలో సూది గుచ్చినట్టుంది. ఇవాళ కాలరు తిరగేసి కుట్టాను, ఇన్నేళ్లలో ఎప్పుడైనా కుట్టానా? సరే. తెల్లారగానే పోయి తెచ్చేస్తాను. ఇంటాయన కాళ్లు పట్టుకుంటాను. సరేనా?”

“వద్దు.”

“వద్దా? ఇంతసేపూ నన్ను వేయించుకుతిని, వద్దా?”

“ఆయన మళ్లీ అంటాడు, నువ్వు మళ్లీ ఇచ్చొస్తావు. వాడేమన్నా చేతిసంచా, అటూ ఇటూ తిప్పడానికి?”

“మరేం చెయ్యమంటావే?”

“మధ్యాహ్నం నువ్వు లేనప్పుడు ఆ కాపలాదారు వచ్చాడు. నల్లోడు అన్నం ముట్టడంలేదట. గోనెసంచి పరిస్తే ఓ అంచుకి ఒదిగి పడుకుంటున్నాడట, ఇంకెవరో వచ్చి పడుకోవాలన్నట్టు.”

“అంతా తెలిసే అడిగావా నన్ను?”

“నీ నోటితో వినాలని.”

“గడుసుదానివి. ఇప్పుడేంటి మరి?”

“ఆ బుట్టకి మూత కట్టి ఉంచాను. చీకటి పడకముందే దొరసానిని కూడా వాడి దగ్గర దింపి రా.”