ఒక్క గుట్టకు మూడు పేర్లు

పొద్దుగాల నుంచి తిరిగి తిరిగి కాళ్లు పీకుతుంటే, ఇప్పపువ్వు ఏరుతున్న అవ్వ పక్కన టీచరమ్మ కూలబడి పటం పరిచింది.

"అవ్వా, నూరేండ్ల కిందట ఓ తెల్లదొర ఈ అడవంతా తిరిగి గీసిన పటమిది. రేపు బడిపిల్లలను దీన్ని పట్టుకొని తిప్పుదామనుకున్న. ఇందుల మూడు గుట్టలున్నయ్, నాకు ఒక్కటే దొరికింది."

"ఉన్నదే ఒక్కటి బిడ్డా. పేర్లేం రాసిండు?"

"జోగమ్మ గుట్ట, ముత్తమ్మ గుట్ట, ఉంగమ్మ గుట్ట."

అవ్వ గంప పక్కకు పెట్టి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

"ఏందవ్వా?"

"ఆ దొరకు తోవ చూపెట్టింది మా ముత్తాతే. ఊరి జాడ తెలిస్తే వెట్టికి పట్టుకపోతరని, మూడు దినాలు ఈ గుట్ట చుట్టే తిప్పిండట. దొర గుట్ట పేరడిగినప్పుడల్లా తన బిడ్డల్ల ఒకరి పేరు చెప్పిండట. మా నాయనమ్మ చెప్తే ఉత్తదే అని నవ్వేటోళ్లం."

"నాయనమ్మ పేరేంది?"

"ఉంగమ్మ. ఆఖరి బిడ్డ. ఏది, ఏడున్నది? నా వేలు పెట్టి చూపియ్యి."

టీచరమ్మ ఆ ముడుతల వేలు పట్టుకొని మూడో గుట్ట మీద ఆనిచ్చింది.

"మరి రేపు పిల్లలను ఎట్ల తీసుకరావాలె అవ్వా?"

"పటంల ఉన్నట్టే మూడుసార్లు తిప్పు. మూడోసారి ఈడ నేనుంట. దొరకు చూపెట్టని తోవ వాళ్లకు చూపెడత."