ఖాళీ అరపేజీ

పారిస్‌లో చిన్న ప్రచురణ సంస్థ. ఒకప్పటి గాయనే ఇప్పుడు యజమానురాలు. ఆమె పాటలకు అకార్డియన్ వాయించినవాడు ఎన్నో ఏళ్లకు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“నీ పాటలు నువ్వే రాసుకుని పాడేదానివి. ఇప్పుడు ఊళ్లోవాళ్ల నవలలు అచ్చేసుకుంటూ కూర్చున్నావా?”

“నీ వెటకారం పోలేదు కదా! కాఫీ చల్లారిపోతోంది, తాగు.”

“ఒక్కటి పాడరాదూ? అకార్డియన్ కూడా తెచ్చాను.”

“గొంతు ఎప్పుడో పోయిందయ్యా.”

“సరేలే. నీ పుస్తకాలన్నీ కొన్నాను. ప్రతి అధ్యాయం తర్వాతా అరపేజీ ఖాళీగా వదిలేస్తావెందుకు?”

“కాగితం దండగని ప్రెస్సువాళ్లూ తిడుతుంటారు.”

“మరెందుకు?”

“చరణానికీ చరణానికీ మధ్య నేను ఆగితే నువ్వు వాయించేవాడివి కదా. ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.”